మొక్కు జడ

తునికిగుంపు,
17 ఆగస్టు 2025

తమ్ముడు గణేష్‌కు,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. వానలు దంచి కొడుతున్నాయి. గోదావరి ఎప్పటిలాగే భద్రాచలం మెట్లు ఎక్కుతూ దిగుతూ జనాన్ని భయపెడుతోంది. మొన్న గుట్టెక్కి ఫోన్ చేస్తే నువ్వు ఎత్తలేదు. ఎత్తినా లాభం లేదనుకో. సిగ్నల్ కోసం ఆ గుట్ట మీద ఎప్పుడూ నలుగురు నిలబడే ఉంటారు. మనం ఇంటి సంగతి ఒకటి మాట్లాడితే కిందికి దిగేసరికి ఊళ్ళో అది పది సంగతులవుతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. పోస్టుమాన్ బిచ్యాకు కూడా కాస్త పని ఉండాలి కదా. లేకపోతే మా అంగన్‌వాడీ అరుగు మీద కూర్చుని పిల్లల గుడ్ల వైపే చూస్తుంటాడు.

ఫోటో పంపుతున్నాను, చూడు. గుర్తుపట్టావా? మా సమ్మయ్య కొడుకు జంపయ్య. సమ్మయ్య సత్తుపల్లిలో బొగ్గు లారీ నడుపుతున్నాడు, కోడలు అక్కడే పామాయిల్ తోటల్లో పనికి పోతోంది. అందుకని వీడు నా దగ్గరే ఉంటున్నాడు. చంటివాడిగా ఉన్నప్పుడు జ్వరంతో కళ్ళు తేలేస్తే, బతికితే మేడారంలో తల వెంట్రుకలు ఇస్తానని మొక్కుకున్నాను. పోయిన జాతరకు కోడలికి ఒంట్లో బాగాలేక పోలేకపోయాం. ఆ జుట్టు ఇప్పుడు నడుము దిగింది. వచ్చే జనవరిలో తీయించేస్తాం.

తీసేలోపు ఒక ఫోటో ఉండాలి కదా. భద్రాచలంలో రజాక్ స్టూడియోకు తీసుకుపోయి పూలజడ వేయించి, గౌను తొడిగి, జడ కనబడేట్టు వెనకాల అద్దం పెట్టించి తీయించాను. రజాక్ భాయ్ గోడ నిండా అలాంటి ఫోటోలే. "గీ పూలజడ పోరడు ఇప్పుడు కానిస్టేబులమ్మా. గీయన లారీ యూనియన్ లీడరు. అందరూ నా దగ్గర గౌన్లేసుకున్నోళ్ళే," అని నవ్వాడు. మనవాడు మాత్రం గౌను విప్పనని మొండికేసి బస్సులో అలాగే వచ్చాడు. కండక్టరు "పాప మంచిగున్నది" అంటే ఎంత పొంగిపోయాడో.

నువ్వు పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీస్తావు కదా, ఒక మాట చెప్పు. ఈసారి మా అంగన్‌వాడీకి వచ్చిన బొమ్మల పుస్తకంలో అమ్మ వంట చేస్తోంది, చెల్లి అన్నకు నీళ్ళందిస్తోంది, నాన్న కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. ప్రతి పేజీలో ఆ కుర్చీలోనే ఉన్నాడు. "టీచరమ్మా, ఆయనకు కాలిరిగిందా?" అని మా పిల్లలు అడిగారు. ఏం చెప్పమంటావు?

నీ అక్క,
కళావతి


హైదరాబాద్,
9 సెప్టెంబరు 2025

ప్రియమైన అక్కకు,

నలభై నిండకుండానే నన్ను తాతను చేసిన ఆ జంపయ్యకు ముద్దులు. ఫోటో చూశాక వేరే పని చేయబుద్ధి కాలేదు. వెంటనే పుస్తకం గీశాను. పేరు 'జంపయ్య మేక'. జడ వేసుకుని, నిక్కరు తొడుక్కున్న ఒక పిల్లవాడి మేక తప్పిపోతుంది. అడవంతా వెతుకుతాడు. దొరుకుతుంది. కథ అంతే.

దాన్ని మా సంస్థ కమిటీ ముందు పెట్టాను. అంగన్‌వాడీలకు పుస్తకాలు వేసేది మేమే కాబట్టి ఆ కుర్చీ నాన్న పాపంలో నాకూ కాస్త వాటా ఉంది, క్షమించు. కమిటీలో ఇద్దరి మాటే మాట. ఎడిటరు రాజ్యశ్రీ గారు, విద్యాశాఖలో పనిచేసి రిటైరైన శ్రీధర్ గారు. మేక దొరికిందా అని ఎవరూ అడగలేదు. "పాపా, బాబా?" అని అడిగారు. బాబే అన్నాను. 

తర్వాత రాజ్యశ్రీ గారు కళ్ళు తుడుచుకుని, "గణేష్, మీకు తెలియకుండానే గొప్ప పని చేశారు" అన్నారు. తెలియకుండా చేసిన పనికి మెప్పు రావడం నా ఉద్యోగంలో ఇదే మొదటిసారి. ఈ పిల్లవాడు ఆడ, మగ అనే గీతలన్నీ దాటేశాడట. "మేకను వెతకడానికి పోయాడండీ" అన్నాను. మేక కూడా ప్రతీకేనన్నారు. శ్రీధర్ గారికి మాత్రం బీపీ పెరిగింది. "పిల్లలు చెడిపోతారు. జడన్నా తీసెయ్యి, గౌనన్నా వెయ్యి. ఏదో ఒక పక్కకుండాలె గద," అన్నారు.

చివరికి నా చేతిలో మార్గదర్శకాల పుస్తకం ఒకటి పెట్టారు. దాని ప్రకారం ప్రతి పుస్తకంలో అబ్బాయి ఒకసారైనా ఏడవాలి, అమ్మాయి ఒకసారైనా చెట్టెక్కాలి, గులాబి రంగు పొదుపుగా వాడాలి. సరేనని జంపయ్యను ఏడిపించాను. కథతో ఏ సంబంధమూ లేని ఒక అమ్మాయిని తీసుకొచ్చి తునికి చెట్టెక్కించాను. మేక పాపం ఎదురుచూస్తోంది. కొన్ని పేజీలు, ఆ మార్గదర్శకాలు కూడా పంపుతున్నాను. తీరిక దొరికితే చదివి నవ్వుకో.

నీ తమ్ముడు,
గణేష్


తునికిగుంపు,
12 అక్టోబరు 2025

తమ్ముడు గణేష్‌కు,

ఎవరా రాజ్యశ్రీ? మావాడు ఏ గీతా దాటలేదని ఆమెకు చెప్పు. ఇంటి ముందు వాగు దాటితేనే కాళ్ళు విరగ్గొడతానని నేను బెదిరిస్తుంటాను. వాడు ఆడో మగో తేల్చడానికి అంతమంది చదువుకున్నవాళ్ళు మీటింగు పెట్టుకోవడమేమిటి? పురుడు పోసింది నేను. నన్ను అడిగితే అక్కడే తేలిపోయేది కదా.

ఆ జడ మొక్కు జడ అని నువ్వు చెప్పావా, చెప్పలేదా? చెప్పే ఉండవు. చిన్నప్పటి నుంచీ నీకు అసలు సంగతి వదిలేసి కొసరు చెప్పే అలవాటు. జాతరలో గుండు చేయించాక వచ్చి చూసుకోమను.

పేజీలు మాత్రం వాడికి తెగ నచ్చాయి. "గిది నేనే" అని ఇల్లిల్లూ తిరిగి చూపించాడు. పడుకునేటప్పుడు కూడా పక్కనే పెట్టుకుంటున్నాడు. ఒక్క ఏడుపు పేజీ అవతల పారేశాడు. "మేక పోతే దేవులాడాలె గని ఏడుస్తరా?" అన్నాడు.

దసరాకు సమ్మయ్య వచ్చి ఆ పేజీలు తిరగేసి ముఖం ముడుచుకున్నాడు. "అమ్మా, జాతర జల్దీ రావాలె. ఫోన్ల ఫోటో చూసినోళ్ళంత బిడ్డనా కొడుకా అని నన్ను ఆటవట్టిస్తున్రు," అన్నాడు. వాడికి కూడా చిన్నప్పుడు ఇలాగే జడ వేశాను. ఆ మాట అంటే లేచి బయటికి పోయాడు.

నీ అక్క,
కళావతి


హైదరాబాద్,
6 నవంబరు 2025

ప్రియమైన అక్కకు,

నువ్వు కోప్పడ్డావు కాబట్టి ఈసారి మీటింగులో అసలు సంగతి ముందే చెప్పేశాను. చెప్పకపోయినా బాగుండేది.

మొక్కు అనగానే రాజ్యశ్రీ గారి ముఖం వాడిపోయింది. "అంటే మామూలు అబ్బాయేనా?" అని అడిగారు. పెళ్ళిచూపుల్లో అబ్బాయికి ఉద్యోగం లేదని తెలిసినప్పుడు అడిగినట్టుగా అడిగారు. పైగా మొక్కులంటే మూఢనమ్మకమట, శాస్త్రీయ దృక్పథానికి విరుద్ధమట. నిన్నటిదాకా గీతలు దాటిన పిల్లవాడు ఒక్క మాటతో వెనక్కి వచ్చేశాడు.

శ్రీధర్ గారు మాత్రం లేచి నా భుజం తట్టారు. "ముందే చెప్పొద్దా? గిది మన సంప్రదాయం గదయ్యా," అని చాయ్‌కి ఇంటికి తీసుకుపోయారు. హాల్లో వాళ్ళమ్మగారి ఫోటో పక్కన ఇంకో ఫోటో ఉంది. పూలజడ, గౌను, చేతినిండా గాజులు, గడ్డం కింద చెయ్యి. ఎవరండీ ఈ పాప అన్నాను. "నేనే" అన్నారు. ఫోటో మీద దుమ్ము తుడుస్తూ, "అది వేరు" అన్నారు. ఎలా వేరో నేను అడగలేదు. చాయ్ బాగుంది.

కాబట్టి ఇప్పుడు వద్దన్నాయన కావాలంటున్నారు, కావాలన్నావిడ వద్దంటున్నారు. బొమ్మ మాత్రం అదే. ఇద్దరినీ ఒప్పించడానికి నేనే ఒక ఉపాయం చేశాను. చివరి పేజీలో జంపయ్యకు జాతరలో గుండు చేయించి నవ్వుతూ నిలబెట్టాను. జడ ఎందుకుందో తెలిసిపోతుంది, పిల్లవాడు పిల్లవాడిగా కనబడతాడు, గొడవ వదిలిపోతుంది. పుస్తకమంతా కుట్టించి పంపుతున్నాను. మనవడికి చదివి వినిపించు. గుండంటే భయం లేకుండా పోతుంది. ఆ చివరి పేజీ చూస్తే నాకే ముచ్చటేస్తోంది.

నీ తమ్ముడు,
గణేష్


తునికిగుంపు,
3 డిసెంబరు 2025

తమ్ముడు గణేష్‌కు,

నీ పుస్తకం వచ్చినప్పటి నుంచి నా ఇంట్లో మనశ్శాంతి లేదు.

చదివి వినిపించాను. చివరి పేజీ రాగానే మళ్ళీ చదవమన్నాడు. చదివాను. పుస్తకం పట్టుకుని లేచి పోయాడు. తెల్లారి చూస్తే ఆ పేజీ లేదు. చింపి తీసుకుపోయి మేకకు తినిపించాడు. నీ పుస్తకం తిన్న మొదటి పాఠకురాలు మా మేకే అనుకో.

అప్పటి నుంచి తల దువ్వనివ్వడు. పడుకుంటే జడ పిడికిట్లో పట్టుకుని పడుకుంటాడు. మొన్న మంగలాయన వీధిలోకి వస్తే వీడు కనబడలేదు. ఊరంతా అరిచాను. చివరికి వడ్లగుమ్మి వెనకాల దొరికాడు, ఒళ్ళంతా దుమ్ము. ఒక్కటి వేశాను కూడా. నాకు రెండు అనుమానాలున్నాయి. ఒకటి, నువ్వు ఆ గుండు సరిగ్గా గీయలేదు. తాటికాయలా ఉంది, ఎవరు చూసినా భయపడతారు. రెండోది, అడవిలో గాలి ఏదైనా సోకిందేమో. మంత్రం వేసే పెద్దమ్మతో తాడు కట్టించాను. తాడుకు పూసలు కావాలన్నాడు. పూసలు కూడా కట్టించాను. అప్పుడు కాస్త నవ్వాడు.

కాస్త మంచి గుండు గీసి పంపించు. జాతర దగ్గరికొస్తోంది. సమ్మయ్య బండి కూడా మాట్లాడేశాడు.

నీ అక్క,
కళావతి


హైదరాబాద్,
24 డిసెంబరు 2025

ప్రియమైన అక్కకు,

తాటికాయ అన్నావు. సరేలే. బొమ్మల కాలేజీలో మా గురువు కూడా ఆ మాట అనలేదు.

మంచి గుండు గీసి పంపే అవసరం ఇక లేదు. గుండు వద్దని రాజ్యశ్రీ గారు, జడ ఒక్కటే ఉంటే ఒప్పుకోనని శ్రీధర్ గారు. పిల్లవాణ్ణి వెనక నుంచి గీయమన్నారు. వెనక నుంచి గీస్తే జడ ఇంకా బాగా కనబడింది. పొద చాటున పెట్టమన్నారు, పెట్టాను. పొద చాటున పిల్లవాడు ఏం చేస్తున్నాడని మళ్ళీ ఒక అనుమానం. పొదను పెంచాను. చివరికి పొద మిగిలింది, పిల్లవాడు పోయాడు. ఇప్పుడు పుస్తకం పేరు 'మేక'. మేక తప్పిపోతుంది, మేక తిరుగుతుంది, మేక ఇంటికొస్తుంది.

అయిపోయిందనుకున్నావా? నిన్నటి మీటింగులో, మేకకు గడ్డం ఉందేమిటి, మగదా అన్నారు. ఆడ మేకకూ గడ్డం ఉంటుందని చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. గడ్డం తీయించారు. గుండు తప్పిందనుకున్నాను కానీ, పుస్తకంలో ఎవరో ఒకరికి క్షవరం రాసిపెట్టి ఉంది.

పుస్తకంలో తను లేడని జంపయ్యకు చెప్పకు. ఇంకొకటి. ఆ పేజీ ఎందుకు చింపాడో ఒకసారి అడుగు. కొట్టకుండా, తిట్టకుండా అడుగు. నా బొమ్మ బాగాలేకే అయితే నాకు రాయొద్దు.

నీ తమ్ముడు,
గణేష్


తునికిగుంపు,
8 జనవరి 2026

తమ్ముడు గణేష్‌కు,

అడిగాను.

ఒళ్ళో కూర్చోబెట్టుకుని, దువ్వెన పక్కన పడేసి, ఉత్త చేతులతో నూనె రాస్తూ అడిగాను. గుండు చేస్తే నొప్పి పుడుతుందని భయమా అన్నాను. కాదంది. తాత బొమ్మ బాగాలేదా అన్నాను. మంచిగనే ఉన్నదంది. మరెందుకు చింపావురా అంటే, "నేను పోరన్ని గాదు నాయనమ్మా, జంపక్కను" అంది. నాకు నవ్వొచ్చింది. జడ ఉందని అలా అనుకుంటున్నావు, అది పోతే నీకే తెలుస్తుందిలే అన్నాను. అప్పుడు నా వైపు తిరిగి కూర్చుని, నాకు బుద్ధి చెబుతున్నట్టుగా, "గుండు చేసినా నేను జంపక్కనే. కని ఇగ ఎవ్వలు నమ్మరు," అంది.

ఆ మాట విన్నాక ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. బస్సులో పాప అంటే పొంగిపోయింది, గౌను విప్పనంది, పూసలడిగింది. అంతా కళ్ళ ముందే జరిగింది. నేను మొండితనమనుకున్నాను, గాలి అనుకున్నాను, నీ తాటికాయ అనుకున్నాను.

నాకు భయంగా ఉంది గణేష్. ప్రాణం తిరిగిచ్చిన తల్లులకు జుట్టిస్తానని మాటిచ్చాను. ఇవ్వకపోతే, మళ్ళీ జ్వరం వస్తే నన్ను నేను ఏం చేసుకోవాలి? ఐదేళ్ళ పిల్ల మాట, రేపు మారొచ్చు. మారితే జుట్టు తీయించడం ఎంతసేపు? తీయించాక మారకపోతే ఏం చేయాలి? సమ్మయ్యకు చెప్పే ధైర్యం లేదు. నువ్వు పంపిన ఆ మార్గదర్శకాలు మొత్తం చదివాను. గులాబి రంగుంది, చెట్టెక్కే పిల్ల ఉంది. నాయనమ్మ ఏం చేయాలో ఎక్కడా లేదు.

చదువుకున్నవాడివి, పట్నంలో ఉన్నావు. ఏం చేయమంటావో రాయి.

నీ అక్క,
కళావతి


హైదరాబాద్,
16 జనవరి 2026

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం చదివి ఏం రాయాలో తోచక రెండు రోజులు ఆగాను. నాకు తెలియదు అక్కా. పిల్లల గురించి ఇన్ని మీటింగుల్లో కూర్చున్నాను. వాటిలో ఒక్కదాంట్లోనూ పిల్లలు లేరు. గుండు పేజీ గీసింది నేనే కాబట్టి పిల్ల అంత భయపడటానికి కారణం కూడా నేనే. అది తలచుకుంటే తిండి సయించడం లేదు. ఏం చేసినా నేను నీ వైపే ఉంటానని మాత్రం చెప్పగలను.

ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. పిల్ల అన్న మాట రాజ్యశ్రీ గారికి చెబితే పుస్తకం మళ్ళీ లేస్తుంది. ఆవిడ బెంగళూరులో పుస్తకాలు వేసేవాళ్ళతో మాట్లాడి మంచి కాగితం మీద వేయిస్తారు. కెమెరాతో మన ఊరికి కూడా వస్తారు. అలాంటి పిల్లలకు ధైర్యం వస్తుంది కదా అని నాకూ అనిపిస్తోంది. నా పుస్తకం బతకాలన్న ఆశ కూడా ఉంది, అబద్ధమెందుకు? చెప్పనా? నువ్వు సరేనంటేనే చెబుతాను.

నీ తమ్ముడు,
గణేష్


తునికిగుంపు,
8 ఫిబ్రవరి 2026

తమ్ముడు గణేష్‌కు,

చెప్పకు.

జాతరకు పోయొచ్చాం. దుమ్ము, జనం, బెల్లం వాసన. వాగు ఒడ్డున మంగలివాళ్ళు వరసగా కూర్చున్నారు. సమ్మయ్య టోకెను తెచ్చి పిల్లను పీట మీద కూర్చోబెట్టాడు. అప్పటిదాకా నేను ఏమీ తేల్చుకోలేదు, నిజం. మంగలాయన జడ విప్పి తల తడిపాడు. పిల్ల ఏడవలేదు, పారిపోలేదు. అంత జనంలో నన్నే చూస్తూ కూర్చుంది. ఆ చూపు నేను భరించలేకపోయాను.

దాన్ని లేపి ఆ పీట మీద నేను కూర్చున్నాను. "మొక్కు పోరనిది గదమ్మా?" అన్నాడు మంగలాయన. "మొక్కిన నోరు నాది. నా తలే తియ్యి," అన్నాను. "అమ్మా, ఏందిది గింతమందిల?" అని సమ్మయ్య నా రెక్క పట్టుకున్నాడు. "పిల్ల నీది కావచ్చు. మాటిచ్చింది నేను," అన్నాను. కళ్ళు మూసుకుని తల్లులకు చెప్పుకున్నాను. మా ఇంటి నుంచి ఒక తల జుట్టు ఇస్తానన్నాను. ఇదిగో, సగం తెల్లబడింది. ఏమైనా తక్కువైతే నన్ను అడగండి, పిల్లను అడగకండి అన్నాను. తల్లుల గద్దెల దగ్గర బెల్లం పెట్టి బయటికొచ్చాం.

భయం పోలేదు. ఇప్పటికీ పొద్దున్నే దాని నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తున్నాను. చల్లగానే ఉంది. సమ్మయ్య నాతో మాట్లాడటం లేదు. ఏటూరునాగారంలో చాయ్‌కి ఆగితే నా గ్లాసు బండి మెట్టు మీద పెట్టి అవతలికి పోయాడు. పిల్లకు మాత్రం బన్ను కొనిచ్చి, అది తినేదాకా పక్కన నిలబడ్డాడు. మా అంగన్‌వాడీ పిల్లలకు నా గుండు మహా సంబరంగా ఉంది. వంతులు వేసుకుని నిమురుతున్నారు.

పుస్తకం సంగతి. ఆ రాజ్యశ్రీ వస్తే ఆమెకు కావలసిన జంపక్కను తీసుకుపోతుంది, ఆ శ్రీధర్ వస్తే ఆయనకు కావలసిన జంపయ్యను తీసుకుపోతాడు. నా దగ్గరున్న పిల్ల ఇద్దరిలో ఎవరికీ పనికిరాదు. అది రేపేమంటుందో నాకూ తెలియదు, తెలియకపోతే కొంపలేమీ మునగవు. పెద్దయ్యాక చెప్పుకోవాలనిపిస్తే అదే చెప్పుకుంటుంది. అప్పుడు అడిగితే బొమ్మలు గీసిపెట్టు.

ఇంకో పని ఉంది నీతో. జూన్‌లో దాన్ని బడిలో వేయాలి. జుట్టు కత్తిరించుకుని రమ్మంటారు, పేరు అడుగుతారు. ఆ రోజు నువ్వు రావాలి. ఆడదాన్ని ఒక్కదాన్నే పోతే గుమ్మంలో నిలబెట్టి మాట్లాడతారు, పక్కన మగవాడుంటే కుర్చీలు వేస్తారు. నువ్వు ఒక్క మాట కూడా మాట్లాడొద్దు, కూర్చుంటే చాలు. పేరు నేను చెబుతాను.

నీ అక్క,
కళావతి